మెకానికల్ వాచీ కొనేటప్పుడు క్రోనోమీటర్ సర్టిఫికెట్ చూడాలా, వద్దా?

మా బావమరిది ఒక రాత్రి రెండు వాచీల ఫొటోలు పంపి, "బావా, వీటిలో తేడా ఏంటో చెప్పు" అన్నాడు. ఎంత పెద్దది చేసి చూసినా నాకు ఒక్కటే తేడా కనిపించింది. ఒకదాని డయల్ మీద, ఆరు అంకెకు కాస్త పైన, చీమతలకాయంత అక్షరాలతో "క్రోనోమీటర్" అని రాసి ఉంది. రెండోదాని మీద లేదు. కేసు అదే, గాజు అదే, ముళ్లు అవే. ఆ ఒక్క మాటకు ధర మాత్రం బాగానే పెరిగింది.

మంచి మెకానికల్ వాచీ మొదటిసారి కొనేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సర్టిఫికెట్ ఉన్నది తీసుకుంటే కాగితానికి డబ్బు పోశామేమో అని అనుమానం. లేనిది తీసుకుంటే రెండో రకం సరుకు అంటగట్టారేమో అని గుబులు. ఆ రాత్రి అతనికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్న గందరగోళం తీర్చేద్దాం. క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ ఉన్న వాచీ. క్రోనోమీటర్ అంటే టైము సరిగ్గా నడుస్తోందని పరీక్ష పెట్టి తేల్చిన వాచీ. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి అమ్మేవాళ్లు కూడా ఒక్కోసారి తడబడతారు.

## రోజుకు ఎన్ని సెకన్లు పోతే ఎక్కువ?

రోజుకు 86,400 సెకన్లు. వాచీ రోజుకు ఎనిమిదిన్నర సెకన్లు అటూ ఇటూ అయిందంటే అది చేసిన తప్పు పదివేలలో ఒక వంతు. గంటకు 28,800 ఊపులు ఊగే చిన్న చక్రం, వెంట్రుకలాంటి స్ప్రింగు కలిసి చేసే పనికి అది తప్పు అనడానికి కూడా నాకు నోరు రాదు.

కానీ సెకన్లు పోగుపడతాయి. రోజుకు 6 సెకన్లు ముందుకు పోయే వాచీ నెల తిరిగేసరికి 3 నిమిషాలు ముందుంటుంది. రోజుకు 40 సెకన్లయితే 20 నిమిషాలు. మామూలు బ్యాటరీ వాచీ నెల మొత్తానికి ఓ 15 సెకన్లు తేడా చూపిస్తుంది. క్రోనోమీటర్ సర్టిఫికెట్లు ఇచ్చే కాస్క్ అనే సంస్థే క్వార్ట్జ్, అంటే బ్యాటరీ వాచీల మెషీన్‌లకు సర్టిఫికెట్ ఇవ్వాలంటే పెట్టే హద్దు రోజుకు 0.07 సెకన్లు. అంటే సర్టిఫికెట్ ఉన్న ఎంత ఖరీదైన మెకానికల్ వాచీ అయినా టైము విషయంలో బ్యాటరీ వాచీ పక్కన నిలబడలేదు. కచ్చితమైన టైమే కావాలంటే ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి క్వార్ట్జ్ కొనుక్కోవచ్చు. మెకానికల్ మీద మనసు పడ్డవాళ్లే ముందుకు రండి.

## అసలు చూడాల్సింది నిలకడ

సర్టిఫికెట్ అనగానే అందరూ "రోజుకు −4 నుంచి +6 సెకన్లు" అన్న అంకెలే చెబుతారు. నా లెక్కలో సర్టిఫికెట్ విలువ అక్కడ లేదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూపిస్తాను. నా దగ్గరున్న రెండు వాచీలను వారం రోజులు వరసగా, రోజూ ఉదయం ఒకే సమయానికి ఫోన్ టైముతో పోల్చి రాసుకున్నాను. ఏ రోజుకు ఆ రోజు వచ్చిన తేడా ఇది, సెకన్లలో:

| రోజు | మొదటి వాచీ | రెండో వాచీ |
|---|---|---|
| 1 | +11 | +3 |
| 2 | +12 | −6 |
| 3 | +11 | +8 |
| 4 | +10 | −4 |
| 5 | +12 | +7 |
| 6 | +11 | −5 |
| 7 | +11 | +2 |
| సగటు | +11.1 | +0.7 |

సగటు చూస్తే రెండోదే మేలనిపిస్తుంది. వారం తర్వాత చూసినా అది 5 సెకన్లే ముందుంది. మొదటిదేమో నిమిషం దాటిపోయింది. అయినా ఈ రెండింట్లో మంచి మెషీన్ మొదటిదే. అది తప్పు నడుస్తోంది, కానీ రోజూ ఒకేలా తప్పు నడుస్తోంది. వాచీ బాగుచేసే ఆయన వెనక మూత తీసి, బ్యాలెన్స్ అనే ఆ ఊగే చక్రం దగ్గరుండే రెగ్యులేటర్ పుల్లను వెంట్రుకవాసి జరిపాడు. అయిదు నిమిషాల పని. ఇప్పుడది రోజుకు +1, +2 మధ్య నడుస్తోంది.

రెండోదాన్ని అలా దిద్దలేం. ఒక రోజు ముందుకు, ఒక రోజు వెనక్కి పోతుంటే పుల్లను ఎటు జరపాలి? దాని రోగం వేరే చోట ఉంది. నూనె ఎండిపోయిందో, స్ప్రింగు బిగువు సమంగా అందడం లేదో, నిలబెట్టినప్పుడు ఒకలా పడుకోబెట్టినప్పుడు ఒకలా నడుస్తోందో చూడాలి. విప్పి సర్వీసింగ్ చేస్తే గానీ తేలదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. సముద్రం మీద ఓడ ఎక్కడుందో తేల్చడానికి జాన్ హారిసన్ చేసిన హెచ్4 వాచీని 1761లో జమైకా ఓడ ఎక్కించి పరీక్షించారు. 81 రోజుల తర్వాత అది 5 సెకన్లే వెనకబడిందని గొప్పగా చెప్పుకుంటారు. కానీ ఆ లెక్క ఎలా వేశారు? ఆ వాచీ రోజుకు రెండున్నర సెకన్లకు పైగా వెనకబడుతుందని ముందే తెలుసు. ఆ తేడాను కలిపేసుకున్నాక మిగిలిన తప్పు ఆ 5 సెకన్లు. నావికులకు వాచీ సున్నా దగ్గర నడవాల్సిన పనిలేదు. రోజూ ఒకేలా తప్పితే చాలు, మిగతాది కాగితం మీద తీసివేత.

ఇప్పుడు కాస్క్ పరీక్ష చూద్దాం. ఇది 1973లో ఏర్పడిన స్విస్ సంస్థ. మూవ్‌మెంట్‌ను, అంటే లోపలి మెషీన్‌ను, 15 రోజులపాటు 5 పొజిషన్లలో, 8, 23, 38 డిగ్రీల దగ్గర పెట్టి చూస్తారు. మొత్తం ఏడు లెక్కల్లో పాసవ్వాలి. మామూలు సైజు మూవ్‌మెంట్‌కు సగటు −4, +6 మధ్య ఉండాలన్నది అందులో మొదటిది మాత్రమే. మిగతా వాటిలో కొన్ని: రోజుల మధ్య తేడా సగటున 2 సెకన్లు దాటకూడదు. ఏ పొజిషన్లో చూసినా రోజుకూ రోజుకూ తేడా 5 సెకన్లు మించకూడదు. పడుకోబెట్టినప్పటికీ నిలబెట్టినప్పటికీ మధ్య తేడాకు ఒక హద్దు, ఒక్కో డిగ్రీ వేడికి 0.6 సెకన్ల హద్దు. చివర్లో మళ్లీ మొదటి పొజిషన్లో పెట్టి, మొదట్లో నడిచినట్టే నడుస్తోందా అని కూడా చూస్తారు.

నా రెండో వాచీ మొదటి లెక్కలో హాయిగా పాసవుతుంది, నిలకడ లెక్కల్లో కచ్చితంగా ఫెయిలవుతుంది. సర్టిఫికెట్‌కు నేను విలువిచ్చేది అందుకే. సగటును మీ ఊళ్లో వాచీ మెకానిక్ కూడా సరిచేస్తాడు. నిలకడ మాత్రం మెషీన్‌తోపాటు రావాల్సిందే.

## ఇంకో నాలుగు ప్రశ్నలు

నిలకడ తర్వాత ఏ వాచీకైనా ఈ నాలుగూ అడుగుతాను.

దేన్ని పరీక్షించారు? కాస్క్ చూసేది కేసులో పెట్టని మూవ్‌మెంట్‌ను. దానికి పరీక్ష కోసం తాత్కాలికంగా ఒక డయల్, ముల్లు తగిలిస్తారు. పాసయ్యాక కంపెనీ వాటిని తీసేసి, సొంత డయలూ ముళ్లూ బిగించి, కేసులో కూర్చోబెడుతుంది. ఆ బిగింపులో, తర్వాత పార్సిల్ ప్రయాణంలో ఏం జరిగినా ఆ కాగితానికి తెలియదు. కేసులో పెట్టాక పరీక్షించే పద్ధతులు ఈ ఒక్క విషయంలో కాస్క్ కంటే మేలు.

ఎవరు పరీక్షించారు? కంపెనీ తన పరీక్ష తానే పెట్టుకోవడం, బయటివాళ్లు పెట్టడం ఒకటి కాదు. అలాగని కంపెనీ పరీక్షలన్నీ ఉత్తుత్తివనీ కాదు. కొన్ని కాస్క్ కంటే కఠినంగా ఉన్నాయి.

అయస్కాంతానికి తట్టుకుంటుందా? దీన్ని జనం పట్టించుకోరు గానీ, రోజువారీ వాడకంలో వాచీ టైము పాడయ్యే కారణాల్లో ఇదే ముందుంటుంది. నాకు జరిగిందే చెబుతాను. రోజుకు +3 దగ్గర నమ్మకంగా నడిచే సర్టిఫికెట్ వాచీని ఒక రాత్రి టాబ్లెట్ కవర్ మీద పెట్టి పడుకున్నాను. ఆ కవర్ అంచుల్లో అయస్కాంతాలున్నాయని గుర్తే లేదు. తెల్లారేసరికి వాచీ 4 నిమిషాలు ముందుంది. హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, చక్రం గబగబా ఊగుతుంది. సర్టిఫికెట్ పెట్టెలో భద్రంగానే ఉంది, పాపం. వాచీ మెకానిక్ డీమాగ్నెటైజర్ మీద పెట్టి కొన్ని సెకన్లలో బాగుచేశాడు. ఖర్చు పెద్దగా కాలేదు, టెన్షన్ మాత్రం బోలెడు పడ్డాను.

అయిదారేళ్ల తర్వాత ఏమిటి? సర్టిఫికెట్ ఆ పదిహేను రోజులకు సంబంధించిన మాట. నూనెలు మెల్లగా ఎండుతాయి. ఎప్పుడో ఒకప్పుడు మెషీన్ మొత్తం విప్పి సర్వీసింగ్ చేయిస్తారు. ఆ తర్వాత వాచీ ఎలా నడుస్తుందన్నది ఆ చేసిన మనిషి చేతిలో ఉంది. నా వాచీ ఒకటి సర్వీసింగ్ నుంచి తిరిగొచ్చాక రోజుకు 14 సెకన్లు వెనకబడింది. తిరిగి పట్టుకెళ్లి, గట్టిగా అడిగితే గానీ సరిచేయలేదు.

## ఎంపికలు ఒక్కచోట

| రకం | రోజుకు హద్దు, సెకన్లలో | పరీక్ష దేనికి | పరీక్షించేది |
|---|---|---|---|
| సర్టిఫికెట్ లేని మామూలు మూవ్‌మెంట్ | −20 నుంచి +40, అలాంటివి | మూవ్‌మెంట్‌కు, ఫ్యాక్టరీలో | తయారీదారు |
| సర్టిఫికెట్ లేని మధ్య, పై గ్రేడ్‌లు | సగటున ±4, ±7 లాంటివి | మూవ్‌మెంట్‌కు, ఫ్యాక్టరీలో | తయారీదారు |
| కాస్క్ క్రోనోమీటర్ | −4 నుంచి +6 | కేసులో పెట్టని మూవ్‌మెంట్‌కు | బయటి సంస్థ |
| గ్రాండ్ సీకో ప్రమాణం | −3 నుంచి +5 | కేసులో పెట్టని మూవ్‌మెంట్‌కు | కంపెనీయే |
| రోలెక్స్ సూపర్‌లేటివ్ | −2 నుంచి +2 | కాస్క్ అయ్యాక, కేసులో పెట్టిన వాచీకి | కాస్క్, తర్వాత కంపెనీ |
| మాస్టర్ క్రోనోమీటర్ | 0 నుంచి +5 | కాస్క్ అయ్యాక, కేసులో పెట్టిన వాచీకి | కాస్క్, తర్వాత స్విస్ ప్రభుత్వ సంస్థ మెటాస్ పర్యవేక్షణలో కంపెనీ |

### సర్టిఫికెట్ లేనివి

వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం తప్పు. సీకో 4ఆర్ రకం మూవ్‌మెంట్‌లకు కంపెనీ రాసే హద్దు −35 నుంచి +45. అదే కంపెనీ 6ఆర్ రకానికి −15 నుంచి +25. మియోటా అనే మరో జపాన్ కంపెనీ 9015 మూవ్‌మెంట్‌కు −10 నుంచి +30. చదవగానే గుండె జారిపోయే అంకెలే. కానీ ఇవి "ఇంతకంటే తప్పితే మాది బాధ్యత" అని కంపెనీ గీసుకున్న చివరి గీతలు. చేతికొచ్చే వాచీ చాలావరకు దీనికంటే మెరుగ్గానే నడుస్తుంది. ఎంత మెరుగ్గా అన్నది మాత్రం మీ అదృష్టం. సర్టిఫికెట్ ఆ అదృష్టం లెక్కను తీసేస్తుంది.

అసలు ఆసక్తికరమైన సంగతి మధ్య గ్రేడుల్లో ఉంది. ఈటీఏ అనే స్విస్ కంపెనీ చేసిన 2824 మూవ్‌మెంట్ ఎన్నో కంపెనీల వాచీల్లో తిరిగింది. దాన్ని నాలుగు గ్రేడులుగా అమ్మేవారు: స్టాండర్డ్, ఎలాబొరే, టాప్, క్రోనోమీటర్. స్టాండర్డ్‌కు సగటు ±12, రెండు పొజిషన్లలో సర్దుబాటు. ఎలాబొరేకు ±7, మూడు పొజిషన్లు. టాప్‌కు ±4, అయిదు పొజిషన్లు. కింది రెండు గ్రేడులకూ టాప్‌కూ మధ్య బ్యాలెన్స్ వీల్, హెయిర్ స్ప్రింగ్ లాంటి సామానే మారిపోతుంది. టాప్‌కూ క్రోనోమీటర్‌కూ మధ్య మాత్రం సామాను అదే. తేడా అంతా ఇంకాస్త ఓపికగా చేసిన సర్దుబాటు, పరీక్ష, కాగితం.

కాబట్టి ఒకే మోడల్ సర్టిఫికెట్‌తో ఒకటి, లేకుండా ఒకటి ఉంటే అడగాల్సిన మొదటి ప్రశ్న: "లేనిదాంట్లో ఉన్నది ఏ గ్రేడు?" పై గ్రేడయితే మీరు అదనంగా కొనేది పరీక్ష. కింది గ్రేడయితే పరీక్షతోపాటు మెరుగైన సామానూ వస్తోంది, అప్పుడు ఆ డబ్బుకు అర్థం ఉంది. అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. కంపెనీకి మెయిల్ పెడితే చాలాసార్లు జవాబు వస్తుంది.

### కాస్క్

బయటివాళ్ల పరీక్ష, అందరికీ ఒకే కొలమానం, ఏ కంపెనీ అన్నది చూడరు. బ్రైట్లింగ్, లాంజీన్ స్పిరిట్ వరుస, మీడో, టిస్సో వాచీల్లో కొన్ని, ఇలా రకరకాల ధరల్లో దొరుకుతాయి. ప్రతి మూవ్‌మెంట్‌నూ విడిగా పరీక్షిస్తారు, నంబరు కూడా దానిదే. వందలో ఒకటి తీసి చూసి మిగతా వాటికి ముద్ర కొట్టే పద్ధతి కాదు.

లోటు ముందే చెప్పాను: కేసులో పెట్టని మూవ్‌మెంట్‌కే పరీక్ష. ఇంకొకటి, పరీక్ష ఫలితాల అంకెలను కొన్ని కంపెనీలే వాచీతోపాటు ఇస్తాయి. చాలావరకు మనకు దక్కేది "పాసయింది" అన్న ముక్కే. పాసు మార్కులతో గట్టెక్కిందో, డిస్టింక్షనో తెలియదు.

### కంపెనీల సొంత ప్రమాణాలు

గ్రాండ్ సీకో తన మూవ్‌మెంట్‌లను 17 రోజులు, 6 పొజిషన్లలో పరీక్షిస్తుంది. కాస్క్ కంటే ఒక పొజిషన్, రెండు రోజులు ఎక్కువ. నాకు వాళ్లలో నచ్చింది ఇంకోటి. పరీక్ష హద్దు −3 నుంచి +5 అని చెబుతూనే, 9ఎస్65 లాంటి మూవ్‌మెంట్‌కు చేతికి పెట్టుకున్నప్పుడు −1 నుంచి +10 దాకా రావచ్చని వాళ్లే రాస్తారు. పరీక్ష గదిలో నడక వేరు, మనిషి చేతి మీద నడక వేరు అని ఒప్పుకోవడం కదా ఇది.

రోలెక్స్ 2015 నుంచి కాస్క్ పాసైన మూవ్‌మెంట్‌ను కేసులో పెట్టాక తానే మళ్లీ పరీక్షించి −2, +2 మధ్య ఉంచుతుంది. పై పట్టికలోని అంకెల్లో ఇదే బిగువు. పరీక్షించేది కంపెనీయే కదా అని పెదవి విరిచేవాళ్లున్నారు. కానీ దానితోపాటు అయిదేళ్ల గ్యారంటీ ఉంది. ఆ హద్దు దాటితే పట్టుకెళ్లి అడిగే హక్కు మీది. నాకు కాగితం మీద ముద్ర కంటే ఆ హక్కే విలువైనది.

### మాస్టర్ క్రోనోమీటర్

ఒమేగా 2015లో మొదలుపెట్టింది, 2021లో ట్యూడర్ కూడా చేరింది. కాస్క్ పాసైన మూవ్‌మెంట్ ఉన్న వాచీని స్విస్ ప్రభుత్వ కొలతల సంస్థ మెటాస్ నియమాల ప్రకారం మళ్లీ ఎనిమిది పరీక్షలకు పెడతారు. 15,000 గాస్ అయస్కాంత శక్తిలో నడుస్తోందా, దాన్నుంచి బయటికి తీశాక టైము మారిందా, కీ పూర్తిగా ఉన్నప్పటికీ మూడో వంతుకు దిగినప్పటికీ తేడా ఎంత, ఆరు పొజిషన్లలో ఎలా ఉంది, నీళ్లు చొరబడతాయా అన్నవి అందులో కొన్ని. మామూలుగా వాచీ మీద "యాంటీ మాగ్నెటిక్" అని రాయడానికి ఉన్న ఐఎస్‌ఓ 764 ప్రమాణంలో తట్టుకోవాల్సింది 60 గాస్ చిల్లర. 60 ఎక్కడ, 15,000 ఎక్కడ?

మన వాడకానికి దగ్గరగా ఉన్న పరీక్ష ఇదేనని నా అభిప్రాయం. వాచీ మొత్తాన్ని చూస్తారు, అయస్కాంతం చూస్తారు, కీ తగ్గినప్పుడు ఏమవుతుందో చూస్తారు. హద్దులో మైనస్ లేకపోవడం కూడా తెలివైన పని. వాచీ కాస్త ముందుంటే మనిషి సర్దుకుంటాడు. వెనకబడితే బస్సు పోతుంది.

### మిగిలినవి, క్లుప్తంగా

జర్మనీలో గ్లాష్యుట్టె అబ్జర్వేటరీలో కేసులో పెట్టిన వాచీలకు క్రోనోమీటర్ పరీక్ష ఉంది. ఫ్రాన్స్‌లో బెజాన్సాన్ అబ్జర్వేటరీ పాము తల ముద్ర వేస్తుంది. రెండూ గౌరవమైనవే, ఆ ముద్రలున్న వాచీలు మాత్రం తక్కువ. 1886 నాటి జెనీవా ముద్ర పేరు వినే ఉంటారు. అది ముఖ్యంగా పనితనానికి, మెరుగుకు ఇచ్చే ముద్ర. టైము కోసమే దాని వెంట పడాల్సిన పనిలేదు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఒకే వాచీ కొని రోజూ అదే పెట్టుకునేవారికి సర్టిఫికెట్ నిజంగా పనికొస్తుంది. వాచీ ఆగకుండా నడుస్తుంది కాబట్టి తప్పు పోగుపడుతుంది, దాని నిలకడ మీకు కనిపిస్తుంది. ధరలో తేడా సర్దుకోగలిగినదైతే తీసుకోండి. దాన్ని అందుకోవడానికి మీకు నచ్చిన డయల్‌నో, చేతికి సరిపోయే సైజునో వదులుకోవాల్సి వస్తే మాత్రం వద్దు. రోజూ చూసేది డయల్‌ను. సర్టిఫికెట్ పెట్టె అడుగున పడి ఉంటుంది.

నాలుగైదు వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవారు దీని గురించి మరిచిపోవచ్చు. రెండు రోజులు పక్కన పెడితే వాచీ ఆగిపోతుంది, పెట్టుకునేటప్పుడు మళ్లీ కీ ఇచ్చి టైము సరిచేసుకుంటారు. రోజుకు 5 సెకన్లా 15 సెకన్లా అన్నది మీకు ఎప్పటికీ తెలిసే అవకాశమే లేదు. ఆ డబ్బుతో ఒకసారి కీ ఇస్తే మూడు రోజులు నడిచేది కొనండి, శుక్రవారం తీసిపెడితే సోమవారం నడుస్తూ ఉంటుంది.

స్పీకర్లు, మోటార్లు, అయస్కాంతపు కవర్ల మధ్య పనిచేసేవారు కాస్క్ ఉందా లేదా అని కాక, అయస్కాంతానికి తట్టుకుంటుందా అని అడగండి. సిలికాన్ హెయిర్ స్ప్రింగ్ ఉన్నదైతే సర్టిఫికెట్ లేకపోయినా మామూలు స్ప్రింగుతో ఉన్న కాస్క్ వాచీ కంటే మీకు మేలు చేయొచ్చు.

సెకన్లు లెక్కపెట్టడమే సరదా అయినవాళ్లకు, అంటే నాలాంటివాళ్లకు, మాస్టర్ క్రోనోమీటరో కంపెనీ బిగువు హద్దులున్నదో తప్ప మరొకటి మనసుకు నచ్చదు. ఇది అవసరం కాదు, ముచ్చట. ముచ్చటకు లెక్కలు అడగకూడదు.

సెకండ్ హ్యాండ్ కొనేవారి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాత వాచీతోపాటు సర్టిఫికెట్ వస్తే దాన్ని టైముకు హామీగా చూడకండి. పదేళ్ల కిందటి పరీక్ష అది. నంబరు సరిపోలితే ఆ మూవ్‌మెంట్ ఆ వాచీదేనని చెప్పడానికి ఒక ఆధారం, అంతవరకే. నమ్మాల్సింది టైమింగ్ మెషీన్‌ను. చిన్న మైకు మీద వాచీని పెడితే టిక్‌టిక్ శబ్దం విని మూడు అంకెలు చూపిస్తుంది: రోజుకు ఎంత తప్పుతోంది, చక్రం ఎంత వెడల్పుగా ఊగుతోంది, అటూ ఇటూ ఊపులు సమంగా ఉన్నాయా. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు రెండో అంకె, అంటే ఆంప్లిట్యూడ్, 270 నుంచి 300 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 220 కిందికి పడితే సర్వీసింగ్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. తర్వాత వాచీని నిలబెట్టి ఇంకోసారి చూడండి. పడుకోబెట్టినప్పుడు +2 చూపించింది నిలబెట్టగానే −25కి పోతే, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా లేనట్టే. ఈ మెషీన్ మీద పెట్టనివ్వనని అమ్మేవాడు అంటే వచ్చేయడమే.

మొదటి మెకానికల్ వాచీ కొంటున్నవారికి ఒక్క మాట. సర్టిఫికెట్ లేనిదే కొని, ఓ పదిరోజులు నేను చేసినట్టు రాసుకోండి. నిలకడగా తప్పుతుంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే సరిచేయించండి. గ్యారంటీలో ఉండగా బయట మూత తీయిస్తే గ్యారంటీ పోవచ్చు. తేడా కొద్దిదైతే మూత తీయాల్సిన పని కూడా ఉండదు. రాత్రి వాచీ తీసి పెట్టేటప్పుడు డయల్ పైకి ఉండేలా పెడితే చాలా వాచీలు కాస్త ముందుకు పోతాయి, పక్కకు నిలబెడితే కాస్త వెనకబడతాయి. మీ వాచీ ఏ పొజిషన్లో ఏం చేస్తుందో నాలుగు రాత్రుల్లో తెలిసిపోతుంది. పగలంతా 4 సెకన్లు ముందుకు పోయినదాన్ని రాత్రి కీ ఉన్న వైపు పైకి నిలబెట్టి, తెల్లారేసరికి మూడు సెకన్లు వెనక్కి తెచ్చుకున్న రోజులు నాకున్నాయి.

మా బావమరిది కంపెనీకి మెయిల్ పెట్టాడు. సర్టిఫికెట్ లేనిదాంట్లో కూడా పై గ్రేడు మూవ్‌మెంటే ఉందని జవాబొచ్చింది. దాన్నే కొన్నాడు. ఇప్పుడు రోజూ ఉదయం నాకు వాట్సాప్‌లో ఒక అంకె వస్తుంది. నిన్న +7, మొన్న +7, అంతకుముందు +6. "నిలకడగా ఉందిరా, ఇక సరిచేయించుకో" అన్నాను. "ఇంకో వారం చూద్దాం బావా" అన్నాడు.